పద్నాలుగేళ్లు వాడిన తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్: దాని లాక్ గురించి నాలుగు మాటలు

2005లో కొన్న తెలుగు టైపింగు సాఫ్ట్‌వేర్‌ను మా డీటీపీ సెంటరులో 2019 వరకూ రోజూ వాడాను. దాని అక్షరాల అందం గురించి ఈ వృత్తిలో ఉన్నవారికి నేను చెప్పనక్కరలేదు. నా బాధంతా కంప్యూటరు వెనుక ప్రింటరు పోర్టుకు తగిలించే లాక్‌తోనే; ఆ చిన్న పరికరం తగిలించి ఉంటేనే ఈ సాఫ్ట్‌వేర్‌తో టైపు చేయగలం.

2019 శ్రావణంలో ఒక శుభలేఖ ప్రూఫు దిద్దుతుండగా, లాక్ కనబడటం లేదని తెరపై సందేశం వచ్చింది. విప్పి, తుడిచి, మళ్లీ తగిలించాను, పక్క షాపు కంప్యూటరుకూ పెట్టి చూశాను, ఫలితం లేదు. ఫాంట్లు విండోస్‌లోనే ఉన్నందున ఫైలులో అక్షరాలన్నీ చక్కగా కనబడుతున్నాయి గానీ, కీబోర్డు లాక్‌కు ముడిపడి ఉన్నందున వరుడి ఇంటిపేరులో తప్పిపోయిన ఒక్క వత్తును చేర్చే వీలు లేదు. ఆ ఫాంట్లలో వత్తు విడి అక్షరంగా ఉంటుందని గుర్తొచ్చి, పాత శుభలేఖలోంచి దాన్ని కాపీ చేసి తెచ్చి అతికించి ఆ రాత్రి గట్టెక్కాను. మర్నాడు బిల్లు పట్టుకొని అమ్మినవారి దగ్గరకు వెళితే, పాత వెర్షనుకు లాక్‌లు రావడం లేదనీ, కొత్తది పూర్తి ధరకు కొనుక్కోవాలనీ చెప్పారు.

ఈ సాఫ్ట్‌వేర్‌ను నలుగురు మిత్రుల చేత కొనిపించింది నేనే. అప్పట్లో పేజీలు కట్టడానికి వాడిన పేజ్‌మేకరుకు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాల పద్ధతి) రాదు కనుక ఆనాటి సలహా తప్పని ఇప్పటికీ అనుకోను. అయితే 1991 నుంచే యూనికోడ్‌లో తెలుగు ఉందనీ, 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంటు వచ్చిందనీ తెలిసి కూడా, కనీసం మూలప్రతులనైనా అందులో దాచుకోకపోవడం నా తప్పే. ఆ పాత ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు ఆకారాలను పెట్టుకున్నవి కాబట్టి, పద్నాలుగేళ్ల ఫైళ్లను వేరే ఫాంటులో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనబడతాయి.

ఇప్పుడు యూనికోడ్‌లో కొట్టి, ఉచితంగా దొరికే స్క్రైబస్‌లో పేజీలు కడుతున్నాను; వత్తులు సరిగానే కుదురుతున్నాయి, పాత అలవాటు పోక వేళ్లే ఇంకా తడబడుతున్నాయి. నాది ఒకే కంప్యూటరున్న షాపు, పని ఎక్కువగా కరపత్రాలూ శుభలేఖలూ. నాలుగైదు లాక్‌లు చేతిలో ఉన్న పెద్ద ప్రెస్సువారికి ఒకటి పోయినా పని ఆగదు కాబట్టి, వారికి నా కోపం అతిగా తోచవచ్చు. పైగా శుభలేఖ పైభాగాన వేసే అలంకార అక్షరాల కోసం, ఇంకా లాక్ పనిచేస్తున్న మిత్రుడి షాపుకే ఇప్పటికీ పెన్‌డ్రైవ్ పట్టుకొని వెళ్తున్నాను.