బొమ్మల అట్ట చూసి మోసపోవద్దు: మన తిరుపతిలో దొరికే రొమాన్స్, యంగ్ అడల్ట్ నవలల సంగతి

తిరుపతిలో పుస్తకాల షాపంటే ముందు గైడ్లు, పోటీ పరీక్షల మెటీరియల్, ఆ పక్కన భక్తి పుస్తకాలు. ఇంగ్లీష్ నవలలకు ఏ మూలో ఒక అర ఇస్తారు. ఆ ఒక్క అరలోనే పదో తరగతి పిల్ల చదవదగ్గ ప్రేమకథా, పెద్దవాళ్ళ కోసం రాసిన ప్రేమకథా భుజాలు రాసుకుని కూర్చుంటాయి. రెండింటి అట్టా ఒకటే తీరు: గులాబీ రంగో లేత నీలమో, దాని మీద ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కార్టూన్ బొమ్మ. లోపల ఏముందో అమ్మే అన్నకూ తెలీదు, కొనిచ్చే అమ్మకూ తెలీదు.

అట్ట వదిలేసి టైటిల్ పేజీ వెనక్కి తిప్పండి. అక్కడ కాపీరైట్ వివరాల్లో ప్రచురణ సంస్థ పేరు పక్కన ‘చిల్డ్రన్స్’ అనో ‘యంగ్ రీడర్స్’ అనో ఉంటే అది యంగ్ అడల్ట్, అంటే సుమారుగా 12 నుంచి 18 ఏళ్ళ వాళ్ళ కోసం వేసింది. అట్లా ఏమీ కనిపించకపోతే మొదటి అధ్యాయంలో నాయిక వయసు, చదువు చూడండి. హైస్కూల్లో ఉంటే ఫరవాలేదు. పీహెచ్‌డీ, ఉద్యోగం, అపార్ట్‌మెంట్ అద్దె అంటా మొదలైతే అది పెద్దల పుస్తకమే. షాపులో నిలబడి రెండు నిమిషాల్లో తేలిపోయే పని.

ఈ లెక్కన నిజంగా పిల్లల చేతికి ఇవ్వగలిగింది లిన్ పెయింటర్ రాసిన ‘బెటర్ దేన్ ద మూవీస్’ (2021). లిజ్‌కు ప్రేమ సినిమాల పిచ్చి. ఆ పిచ్చి అంటించి పోయింది సినిమా కథలు రాసే తల్లి. చిన్నప్పుడు మనసుపడిన మైకేల్ మళ్ళీ ఊళ్ళోకి వస్తే, అతన్ని దక్కించుకోవడానికి పక్కింటి వెస్ సాయం అడుగుతుంది. వెస్‌తో ఆమెకు కారు పెట్టుకునే జాగా దగ్గర రోజూ గొడవే. చివరికి ఎవరితో ఎవరన్నది 50 పేజీల్లోపే తెలిసిపోతుంది. అయినా చేతిలోంచి దించబుద్ధి కాదు, ఎందుకంటే ఆ ఇద్దరి పోట్లాటలో మాటకు మాట భలే తగుల్తుంది. సవతి తల్లి దగ్గరికి వస్తే లిజ్ ముడుచుకుపోయే చోట్లు ఇంకా బాగున్నాయి. అమ్మ స్థానంలో ఇంకొకరిని రానిస్తే అమ్మను మర్చిపోయినట్టేనా అన్న భయం ఆ పిల్లది. ఇంగ్లీష్ తేలిక, మాటలే ఎక్కువ. సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో చెన్నైకి పోయి వచ్చేలోపు అయిపోతుంది. 2024లో ‘నథింగ్ లైక్ ద మూవీస్’ అని రెండో భాగం వచ్చింది. దాన్లో వాళ్ళు కాలేజీకి వచ్చేశారు కాబట్టి మొదటిది చదివాకే ముట్టుకోండి.

అట్ట చూసి ఎక్కువ మంది పొరబడేది అలీ హేజిల్‌వుడ్ ‘ద లవ్ హైపోథెసిస్’ (2021) దగ్గర. స్టాన్‌ఫర్డ్‌లో బయాలజీ పీహెచ్‌డీ చేస్తున్న ఆలివ్, స్నేహితురాలిని నమ్మించడానికి ఎదురుపడిన మనిషిని ముద్దు పెట్టుకుంటుంది. తీరా చూస్తే అతను ఆడమ్ కార్ల్‌సెన్, డిపార్ట్‌మెంట్ మొత్తం హడలిపోయే ప్రొఫెసర్. అక్కణ్ణించి ఇద్దరూ ప్రేమికుల్లా నటించాలి. రచయిత్రి స్వయానా న్యూరోసైంటిస్ట్, అందుకే ల్యాబ్ బతుకు అచ్చంగా దిగింది: గ్రాంట్ డబ్బుల కటకట, రాత్రి పొద్దుపోయేదాకా ప్రయోగాలు, సీనియర్ ఒక్క మాటంటే వారం నిద్ర పట్టకపోవడం. మహిళా యూనివర్సిటీలోనో ఎస్వీ యూనివర్సిటీలోనో రీసెర్చ్ చేసే అక్కలకు ఈ పేజీలు తెగ నచ్చుతాయి. ఇక ఆడమ్ సంగతి: పైకి బెట్టు, చాటున ఆదుకోవడం. యద్దనపూడి ‘సెక్రటరీ’లో రాజశేఖరాన్ని చూసిన వాళ్ళకు ఈ మనిషి కొత్తేం కాదు, ఊరు మార్చి స్టాన్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పుకుంటున్నాడంతే. అతను ఎంత పొడుగో, ఎంత వెడల్పో చెప్పీ చెప్పీ రచయిత్రి విసుగు పుట్టిస్తుంది. ఒక్క మాట విప్పి చెప్తే తీరిపోయే అపార్థాన్ని వంద పేజీలు సాగదీసింది. 16వ అధ్యాయం పూర్తిగా పడగ్గది. అది దాటేసినా కథ తెగదు గానీ, ఇంటర్ పిల్లకు కొనిచ్చేటప్పుడు ఈ సంగతి తెలిసి కొనివ్వాలి.

కొలీన్ హూవర్ ‘ఇట్ ఎండ్స్ విత్ అస్’ (2016) పాతదే అయినా 2024లో సినిమా వచ్చాక మళ్ళీ ప్రతి అరలోకీ వచ్చి చేరింది. దీన్ని తియ్యటి ప్రేమకథ అని అమ్మడం తప్పు. పూల షాపు పెట్టుకున్న లిల్లీ, న్యూరోసర్జన్ రైల్, వాళ్ళింట్లో మొదలయ్యే కొట్టడం, ఇదీ కథ. వాక్యాలు చప్పగా ఉంటాయి, లిల్లీ పాత డైరీ భాగాలు మరీ పొడుగు. కానీ మొదటి దెబ్బ తర్వాత క్షమాపణ, దానికి ఈమె తనకు తాను చెప్పుకునే సర్దుబాటు, మళ్ళీ ఇంకో దెబ్బ... ఈ వరసను తొందరపడకుండా చూపించింది. ‘అట్లాంటోణ్ణి వదిలేసి రావచ్చు కదా’ అని తేలిగ్గా అనేవాళ్ళు చదవాల్సింది ఆ భాగమే. ఈ నవలకు రంగులు వేసుకునే పుస్తకం ఒకటి 2023 జనవరిలో ప్రకటించి, పాఠకులు తిట్టిపోస్తే వెనక్కి తీసుకున్నారు. ఏ నవలను ఏమని అమ్ముతున్నారో అప్పుడే బయటపడింది.

రెబెకా యారోస్ ‘ఫోర్త్ వింగ్’ (2023) డ్రాగన్ల కథ కదా అని పిల్లల అరలో పెట్టేస్తారు. వయోలెట్‌కు 20 ఏళ్ళు. ఇట్టే జారిపోయే కీళ్ళు, పుస్తకాల మధ్య బతకాలన్న ఆశ. జనరల్ అయిన తల్లి మాత్రం డ్రాగన్ స్వారీ నేర్పే యుద్ధ కాలేజీలోకి తోసేస్తుంది. తొలి అధ్యాయాల్లో, కాలు జారితే ప్రాణం పోయే సన్నటి రాతి వంతెన మీద నడిచే ఘట్టానికి చేతులు చల్లబడతాయి. టైర్న్ అనే డ్రాగన్ చిరచిర కోసమైనా చదవొచ్చు. చావులు, పచ్చి మాటలు, పడగ్గది ఘట్టాలు బాగానే ఉన్నాయి కాబట్టి 18 దాటిన వాళ్ళకే. ఐదు భాగాల వరస ఇది. ‘ఐరన్ ఫ్లేమ్’ 2023 నవంబరులో, ‘ఆనిక్స్ స్టార్మ్’ 2025 జనవరిలో వచ్చాయి. రెండో భాగమైన ‘ఐరన్ ఫ్లేమ్’ మధ్యలో బాగా నీరసిస్తుంది.

ఇంక కాపీ సంగతి. ఇట్లాంటి నవలలు ఒరిజినల్ అయితే సుమారు 400 నుంచి 600 రూపాయలు, ఫుట్‌పాత్ మీద డూప్లికేట్ 150, 200. డూప్లికేట్‌లో రచయితకు రూపాయి కూడా పోదు, అది అట్లుంచితే చదివేవాళ్ళకూ నష్టమే. వెనక అట్ట మీద చిన్న అక్షరాలు చూడండి. స్కాన్ చేసి వేస్తారు కాబట్టి అంచులు మసకగా, బార్‌కోడ్ గీతలు ఒకదాంట్లోకి ఒకటి కలిసినట్టు ఉంటాయి. ఒక పేజీ ఎత్తి వెలుతురుకు పట్టండి. వెనక వైపు అక్షరాలు చదవగలిగేంత తేటగా కనబడితే అది న్యూస్‌ప్రింట్ రకం కాగితం. తర్వాత పేజీ నంబర్లు గబగబా తిప్పండి. పుస్తకం ఫారాలుగా, అంటే ఒక్కో పెద్ద కాగితం మీద కొన్ని పేజీలు కలిపి అచ్చవుతుంది, కాబట్టి పొరపాటు జరిగితే ఒకటో రెండో పేజీలతో ఆగదు, 16 పేజీలు ఒక్కసారే మాయమవుతాయి, లేదా రెండుసార్లు వస్తాయి. ‘ఇట్ ఎండ్స్ విత్ అస్’ చివర రచయిత్రి తన తల్లి గురించి రాసుకున్న మాట ఉంది. ఆఖరి ఫారం ఊడిందంటే పోయేది అదే.

లావు పుస్తకాలకు ఇంకో తంటా. వెన్నును గరుకు చేయకుండా పైపైన జిగురు పూసేస్తే కాగితం అంచులకు పట్టు దొరకదు. దాదాపు 500 పేజీల ‘ఫోర్త్ వింగ్’ డూప్లికేట్‌ను మే నెల ఎండలో స్కూటీ డిక్కీలో ఒక పూట వదిలితే జిగురు మెత్తబడి, నడిమికి విరిగి రెండు ముక్కలవుతుంది. లావు నవల కొనే పనైతే డూప్లికేట్ జోలికి పోవద్దు. సెకండ్ హ్యాండ్ ఒరిజినల్ దొరికినా మేలే, వెన్ను మీద తెల్ల గీతలుంటే ఉండనీండి.

పేజీలు ఊడిన పుస్తకానికి సెల్లోటేపు వెయ్యొద్దు. మన ఎండకు టేపు జిగురు కారి పక్క పేజీని కూడా అంటుకుంటుంది. ఊడిన పేజీలన్నీ వరసగా పేర్చి, వెన్ను వైపు నేల మీద తట్టి సమం చేయండి. ఐస్‌క్రీమ్ పుల్లతో ఫెవికాల్ పల్చగా ఒకే గీతగా పూసి, దాని చోట కూర్చోబెట్టండి. ఎక్కువైతే లోపలికి పాకి అక్షరాలు అతుక్కుంటాయి. బయటికి వచ్చింది తడిగుడ్డతో తుడిచి, రెండు అట్టముక్కల మధ్య పెట్టి, పైన బియ్యం డబ్బా రాత్రంతా ఉంచండి. పొద్దున్నే తెరవకుండా సాయంత్రం దాకా ఆగితే పట్టు గట్టిగా ఉంటుంది.