కుంటతో కలిపి పొలం కొనేవాళ్లకు: ఎండాకాలంలో చూసి అడ్వాన్సు ఇవ్వకండి

ఉదయగిరి వైపు మెట్టలో ఆరున్నర ఎకరాలు కొన్నాను. అందులో ముప్పావు ఎకరం పాత పట్టా కుంట. మే నెలలో చూపించారు. కుంట ఎండి నెర్రెలిచ్చింది, కట్ట మీద చిల్లచెట్లు అడవిలా ఉన్నాయి. "ఆ వేర్లే సార్ కట్టను పట్టుకోనుండేది. మా తాత నాటి కట్ట, చెక్కు చెదరలా" అన్నాడు అమ్మినాయన. నమ్మాను. ఇంకెవరూ అలా నమ్మకూడదనే ఇది రాస్తున్నా.

మన నెల్లూరు జిల్లాకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ లోపే. వాయుగుండం పట్టిందంటే రెండు రోజుల్లో కుంట నిండిపోద్ది. నవంబర్‌లో మూడోరోజు వానకు కట్ట వెలుపల, తూముకు రెండడుగుల పక్కన ఊట కనిపించింది. తేటనీళ్లే కదా అనుకున్నా. సాయంత్రానికి అవే టీ రంగుకు తిరిగాయి. ఊట చుట్టూ సన్న ఇసుక చీమలపుట్టలా పోగవుతోంది. పక్క పొలం పెద్దాయన చూడగానే "అబ్బయ్యా, బుంగ పడిందిరా, కట్టలో మన్ను పోతావుంది" అన్నాడు.

నీళ్లు తగ్గిద్దామని కలుజు (నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే అలుగు) దగ్గరికి పోతే అక్కడ ఇంకో ఘోరం. చేపల కోసం నీళ్లు ఎక్కువ నిలవాలని పాత ఆసామి కలుజు మీద రాళ్లు పేర్చి, సిమెంటు పూసి అడుగున్నర లేపాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు. గడ్డపారలతో పగలగొడుతుండగానే, తెల్లవారుజామున గండి పడింది. రాత్రంతా వానలో నాకు టార్చి పట్టుకుని నిలబడిన ఆ పెద్దాయన నారుమడి మీదే ఇసుక మేట వేసింది. డబ్బు ఇచ్చాను గానీ, ఆయన మొహం చూడటానికి ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

గండి దగ్గర తవ్విస్తే అసలు సంగతి బయటపడింది. ఎప్పుడో నరికిన చెట్ల మొద్దులు లోపలే కుళ్లి, వేర్లున్న చోట చెయ్యి మోచేతి దాకా దూరే సొరంగాలయ్యాయి. తూము రాళ్ల సందుల్లో సున్నం రాలిపోయింది. మట్టికట్టకు చెట్టు వేరు బలం కాదండీ, నీటికి దారి. కట్ట మీదుగా నీళ్లు దొర్లితే ఇక ఆగేది ఉండదు. 2021 నవంబర్ 19న కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టే అలా కొట్టుకుపోయింది, మనది ఎంత?

మా లాయరు కార్వేటినగరం జమీందారు కేసు చెప్పాడు. చెరువులు తెగి రైలు కట్ట దెబ్బతింటే మద్రాసు రైల్వే కంపెనీ దావా వేసింది. జమీందారు నిర్లక్ష్యం లేదని 1874లో లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ (అప్పట్లో మనకు పై కోర్టు) ఆయన పక్షాన తీర్పిచ్చింది. కలుజు మూసి, కట్ట మీద అడవి పెంచినవాడికి ఆ మాట చెప్పుకునే వీలుండదు. రిజిస్ట్రేషన్ అయ్యాక కట్ట బాధ్యత నా నెత్తిదే.

ఇప్పుడు గట్టి నేల తగిలేదాకా తవ్వించి, బంకమట్టి అర అడుగు వరసల్లో తడిపి రోలరుతో తొక్కిస్తున్నా. పాత కట్టకు మెట్లు కోసి అతికించాలి, లేకుంటే ఆ అతుకులోనే మళ్లీ కారుద్ది. తూము మొత్తం కొత్తదే.

అమ్మినాయన ఫోను ఎత్తడం లేదు. మీరు మాత్రం నవంబర్ దాకా ఆగి, నిండిన కుంట చూడండి. కట్ట వెలుపలి పాదం వెంట చెప్పుల్లేకుండా నడవండి. కలుజు మీద కొత్త సిమెంటు ఉందేమో గీకి చూడండి. అది నిజంగా పట్టానో, ప్రభుత్వ కుంట పోరంబోకో ఆర్‌ఎస్‌ఆర్‌లో (పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టర్), 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషన్ నిషేధించిన భూములవి) చూసుకున్నాకే డబ్బు తీయండి.