బుగ్గ క్యాన్సర్: మెడ ఆపరేషన్ ఇప్పుడేనా, ఆగి చూడాలా?

బుగ్గ లోపలి క్యాన్సర్ చిన్నగా ఉండగానే దొరికితే బుగ్గకు ఆపరేషన్ చేయించాలన్న దగ్గర పేచీ ఉండదు. పేచీ అంతా మెడ దగ్గరే. చేతికి గడ్డ తగలదు, స్కాన్‌లో ఏమీ కనపడదు, అయినా క్యాన్సర్ ముందు పాకేది అక్కడికేనని, డాక్టరు మెడలో లింఫ్ గ్రంథులు కూడా తీసేద్దామంటారు. "ఏమీ లేని చోట కోతెందుకు?" అని మా అత్తయ్య అడిగింది. మామయ్య ఆపరేషన్ అయ్యాక తెలిసినవాళ్లు ముగ్గురు నన్ను ఇదే అడిగారు.

అత్తయ్య మాటలో న్యాయం లేకపోలేదు. ముంబయి టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రిలో డాక్టర్ అనిల్ డిక్రూజ్ బృందం దీని మీదే పెద్ద ట్రయల్ చేసి, 2015లో ఫలితాలు ప్రకటించింది. ముందే మెడ ఆపరేషన్ చేసినవాళ్లలో గ్రంథుల్లో క్యాన్సర్ బయటపడింది దాదాపు 30 శాతం మందికే. మిగతావాళ్లకు అనవసరంగా కోసినట్టేగా అనిపిస్తుంది. కానీ అదే ట్రయల్లో 3 ఏళ్లకు బతికి ఉన్నవాళ్లు ముందే చేయించుకున్నవాళ్లలో 80 శాతం, ఆగి చూసినవాళ్లలో 67.5 శాతం. జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవాళ్లయితే 69.5, 45.9. ఒక మాట చెప్పాలి: ఆ ట్రయల్లో ఎక్కువమంది నాలుక క్యాన్సర్ వాళ్లు, బుగ్గవాళ్లు తక్కువ. గడ్డ లోతు 3 మిల్లీమీటర్లు దాటనివాళ్లకు లాభం ఉందని కూడా గట్టిగా తేలలేదు. అందుకే మీ డాక్టర్ని ముందు అడగాల్సింది గడ్డ లోతెంత అని.

గడ్డ వచ్చాకే తీయించుకుంటే పోలా? పోదు. మెడలో తర్వాత తేలే గడ్డ చాలాసార్లు పెద్దదై, గ్రంథి పొర చీల్చుకుని బయటపడ్డాకే దొరుకుతుంది. అప్పుడు ఆపరేషన్‌తో తీరదు, కరెంటూ (రేడియేషన్) కీమో రెండూ తప్పవు. పైగా ఆగి చూడటమంటే క్రమం తప్పకుండా వెళ్లి మెడ చూపించుకోవడం. జబ్బు తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. మన ఇళ్లలో ఆ రెండేళ్లు ఎలా గడుస్తాయో తెలిసిందే. నొప్పి లేదుగా, పెళ్లిళ్ల సీజన్ అయ్యాక వెళ్దాం అంటారు. నా దృష్టిలో తేల్చేది ఇదే. ప్రతి చెకప్‌కీ ఠంచనుగా వెళ్లే మనిషైతే ఆగడం గురించి మాట్లాడొచ్చు. మా మామయ్య అలాంటి మనిషి కాదు.

ఆయనకు తీసిన 27 గ్రంథుల్లో ఒక్కదాంట్లోనూ క్యాన్సర్ లేదు. "చూశావా, ఊరికే కోయించాం" అంది అత్తయ్య. కానీ ఆ రిపోర్టు చూసే, కోసి తీసిన బుగ్గ గడ్డ అంచుల్లో కూడా క్యాన్సర్ లేదు కాబట్టి, కరెంటు పెట్టక్కర్లేదన్నారు. మెడ ముట్టుకోకపోతే ఆ మాట అంత ధైర్యంగా చెప్పగలిగేవారు కాదు. ఆరు వారాలు నోరు పుండై, పెరుగన్నం కూడా మింగుడుపడని తిప్పలు తప్పాయి.

మిగతా దారుల గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. క్యాన్సర్ మొదట చేరే గ్రంథిని మాత్రమే తీసి చూసే పరీక్ష మంచిదే, కానీ అన్ని ఆసుపత్రుల్లో దొరకదు. ఆపరేషన్ మానేసి కరెంటు ఒక్కటే పెట్టించుకోవడం, కోయడానికి వీలున్న బుగ్గ గడ్డకు మొదటి దారి కాదు. పసరు మందంటే చేతులారా నెలలు పోగొట్టుకోవడమే.

ముందే చేయించుకుంటే ఇబ్బంది ఉండదని మాత్రం అనను. మెడలోంచి భుజానికి వెళ్లే నరాన్ని కోయకపోయినా, కదిలించినందుకు అది అలుగుతుంది. మామయ్య టైలర్. కత్తెర కుడిచేత్తోనే కాబట్టి పని ఆగలేదు. కుట్టిన జాకెట్లు పై కడ్డీకి తగిలించాలంటే మాత్రం ఎడమ చెయ్యి లేవదు, కుర్రాణ్ణి పిలుస్తాడు. ఎడమ చెవి తమ్మె ఇంకా మొద్దుగానే ఉంది. ఫిజియోథెరపీలో గోడ మీద వేళ్లతో పైకి పాకించమన్నారు. ఎంతవరకు అందితే అక్కడ బట్ట మీద గీసే సుద్దతోనే గీత పెట్టుకుంటున్నాడు. మొన్న చూస్తే పై గీతకీ కడ్డీకీ మధ్య జానెడు ఉంది.