సేవకుల శిక్షణ: తిరుమల కొండపైనా, ఒక నదీతీర ఉత్సవంలోనూ

తిరుమలలో భక్తులకు స్వచ్ఛందంగా సేవలందించే శ్రీవారి సేవకు వెళ్లేవారికి బస గురించి బెంగ అక్కర్లేదు. 2000లో మొదలైన ఈ సేవ కోసం తిరుమల తిరుపతి దేవస్థానం కొండపైనే సేవాసదన్ భవనాలు కట్టించింది. స్త్రీలకు, పురుషులకు వేర్వేరు హాళ్లున్నాయి. ఏకాంతం కోరుకునేవారికి హాలు కొంత ఇబ్బందే గాని, తెల్లవారుజాము డ్యూటీ ఉన్నవాళ్లను పక్కవాళ్లే లేపుతారు కనుక ఆలస్యమయ్యే ప్రమాదం తక్కువ.

నాకు నచ్చింది, భక్తులు దర్శనం కోసం కంపార్ట్‌మెంట్లలో కూర్చుని వేచి ఉండే వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో అనుభవజ్ఞులైన సేవకుల పక్కన నిలబడి పని నేర్చుకోవడం. కంపార్ట్‌మెంటు గేటు తీసే ముందు ఒక పెద్దావిడ వరుసల మధ్యకు వెళ్లి, "ముందు వరుసవాళ్లు లేవండమ్మా, వెనకవాళ్లు కూర్చునే ఉండండి, అందరికీ దర్శనం అవుతుంది" అంటూ ఒక్కో వరుసనూ లేపారు. అందరూ ఒక్కసారిగా లేస్తే గేటు దగ్గర తోపులాట తప్పదని, కూర్చున్న జనం తోసుకోలేరని ఆమె నాకు విడమరిచి చెప్పారు. మర్యాదగా మాట్లాడటం, భద్రత చూడటం వేర్వేరు పనులు కావని అక్కడే అర్థమైంది.

తర్వాత ఒక నదీతీర ఉత్సవంలో సేవకు వెళ్లాను. బస ఒక పాఠశాలలో. భోజనం వేళకు అందింది, నీళ్లకు మాత్రం ఇబ్బంది పడ్డాం. దానికన్నా బాధించిన విషయం, టోపీ, బ్యాడ్జీ చేతికిచ్చి మమ్మల్ని నేరుగా మెట్ల దగ్గరకు పంపడం. అత్యవసర ద్వారం ఎటు ఉందో, అంబులెన్సు ఏ దారిన వస్తుందో, జనాన్ని ఆపమని ఎవరికి చెప్పాలో ఎవరూ చూపించలేదు. స్నానానికి దిగేవారూ, తడిబట్టలతో పైకి వచ్చేవారూ ఒకే మెట్లపై ఎదురుపడ్డారు. కింద కదలిక ఆగిపోయిన సంగతి పైనున్నవారికి తెలియక తోసుకుంటూనే వచ్చారు. ఒక ముసలమ్మ బారికేడ్ కడ్డీని రెండు చేతులతో పట్టుకుని ఊపిరి కోసం తల పైకెత్తింది. ఇద్దరు కుర్రాళ్లు ఆమెను ఎత్తి ఇవతలికి దించారు. ఆ సమయంలో మైకులో తప్పిపోయిన పిల్లల పేర్లు చదువుతున్నారు.

చదరపు మీటరుకు ఆరేడుగురు చేరితే ఎవరి అడుగు వాళ్ల అదుపులో ఉండదు. అప్పుడు "తోసుకోకండి" అని అరిచినా ఫలితం ఉండదు. ఆపవలసింది వెనకనుంచి వచ్చే జనాన్ని, అదీ ఇంకా ఖాళీ ఉండగానే. 2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కరఘాట్ దగ్గర 27 మంది, 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శన టోకెన్ల దగ్గర ఆరుగురు తొక్కిసలాటల్లో ప్రాణాలు కోల్పోయారు. శబరిమలలో పదునెనిమిది మెట్లపై భక్తులకు చేయందించే పోలీసులను వంతులవారీగా మారుస్తుంటారు, అలసిన మనిషి చేయి పట్టు తప్పుతుంది కనుక. సేవకులకూ అలాంటి వంతులు ఉండాలి.

గోదావరి పుష్కరాలు 2027లో రానున్నాయి. సేవకు పేరిచ్చేవాళ్లు బస, భోజనంతో పాటు మూడు విషయాలు నిర్వాహకులను ముందే అడగాలని నా విన్నపం: తాము నిలబడబోయే ఘాట్‌ను ముందు రోజు నడిచి చూపిస్తారా, రావడానికీ పోవడానికీ వేర్వేరు దారులున్నాయా, రద్దీ పెరిగిందని సేవకుడు చెబితే పైన ప్రవేశం ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది.