ఎనిమిదేళ్లుగా ఎయిర్ షోల్లో నికాన్ 200-500: నా అనుభవం

నికాన్ 200-500 ఎంఎం ఎఫ్/5.6 లెన్స్‌ని 2017 జనవరిలో కొన్నాను. కారణం ఒక్కటే, ఆ ఫిబ్రవరిలో బెంగళూరు యలహంకలో ఏరో ఇండియా వైమానిక ప్రదర్శన. అప్పటినుంచి యలహంకలో నాలుగు షోలు, హైదరాబాద్ బేగంపేటలో మూడు వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శనలు, విశాఖ ఆర్కే బీచ్‌లో రెండుసార్లు నేవీ డే విన్యాసాలు, 2024 డిసెంబరు 8న ట్యాంక్‌బండ్ మీద వాయుసేన సూర్యకిరణ్ విన్యాస బృందం ప్రదర్శన, అన్నీ దీంతోనే తీశాను. కెమెరా డి500. కొన్న వారంలోనే రాసే సమీక్షలు బోలెడు దొరుకుతాయి. వాటిలో గోడకు అంటించిన చార్టు ఫొటో తీసి అంచుల్లో షార్ప్‌నెస్ చూపిస్తారు. విమానం గోడకు అంటుకుని ఉండదు కాబట్టి ఆ లెక్కలు నాకు పెద్దగా ఉపయోగపడలేదు. నేను రాసేది విమానాల కోసమే దీన్ని మోసిన మనిషిగా.

మోయడం అన్నాను కదా, ముందు ఆ సంగతే. ట్రైపాడ్ కాలర్‌తో కలిపి లెన్స్ 2.3 కిలోలు, కెమెరా 860 గ్రాములు. మూడు కిలోల పైమాటే. కాచిగూడలో రాత్రి రైలెక్కి తెల్లవారుజామున యలహంకలో దిగి, ఎనిమిదింటికల్లా బారికేడ్ దగ్గర చోటు పట్టుకుని నిలబడితే, మధ్యాహ్నానికి ఎడమ మోచెయ్యి వణకడం మొదలవుతుంది. మొదటి షోలో చివరి గంట ఫొటోలన్నీ ఆ వణుకుకే పోయాయి. జనంలో ట్రైపాడ్‌కి చోటుండదు. మోనోపాడ్ రన్‌వే మీద పరుగుకి పనికొస్తుంది గానీ, విమానం నెత్తిమీదికి రాగానే అడ్డమే అవుతుంది. ఇక మిగిలింది చేతులే. అందుకని ప్రతి షోకి రెండు నెలల ముందు నుంచి సాయంత్రాలు మేడెక్కి గద్దల వెంట అరగంట లెన్స్ తిప్పడం అలవాటు చేసుకున్నాను. పాదాలు విమానం వచ్చే వైపు కాకుండా అది వెళ్లిపోయే వైపుకి పెట్టి, నడుము మాత్రం వెనక్కి తిప్పి మొదలుపెట్టాలి. మోచేతులు డొక్కలకు ఆనాలి. విమానం దాటుతున్నకొద్దీ ఒళ్లు దానంతటదే విచ్చుకుంటుంది. ఈ ఒక్క మార్పుతో నాకొచ్చిన లాభం ఏ కొత్త కెమెరా కొన్నా వచ్చేది కాదు.

జూమ్ రింగు గురించి కొనేముందే తెలుసుకోవాలి. 200 నుంచి 500కి ఒక్క మణికట్టు తిప్పుతో వెళ్లదు, మధ్యలో ఒకసారి పట్టు మార్చుకోవాలి. అడవిలో కదలకుండా కూర్చున్న జంతువుకి ఇది సమస్య కాదు. ఎదురెదురుగా సూర్యకిరణ్ బృందం హాక్ జెట్‌లు రెండు వచ్చి కళ్లముందే దాటేటప్పుడు మాత్రం పట్టు మార్చే వ్యవధి ఉండదు. నేను చేసేది ఏమిటంటే, అలాంటి క్రాసింగ్‌కి ముందే 300 దగ్గర ఆపేసి, ఇక రింగు ముట్టను. కొంచెం చిన్నగా వస్తుంది, క్రాప్ చేసుకుంటాను. ఆ బృందం తొమ్మిది విమానాలూ వజ్రాకారంలో ఎదురుగా వస్తుంటే 400. దూరంగా తిరిగే సుఖోయ్-30కో తేజస్‌కో 500. అదే తొమ్మిదీ ఒక్కసారిగా చెల్లాచెదురై పొగలు నలుదిక్కులా చిమ్మితే ఈ లెన్స్‌లో పట్టదు. డి500 సెన్సర్ చిన్నది కాబట్టి 200 కూడా 300లాగే కనిపిస్తుంది. అలాంటి దృశ్యం కోసం పాత కెమెరాకి 18-140 లెన్స్ తగిలించి మెడలో వేసుకుంటాను.

ఫోకస్ విషయంలో నాకు తృప్తిగా ఉంది, ఒక షరతు మీద. ఫోకస్ ఎంత దూరం మధ్య వెతకాలో కట్టడి చేసే లిమిట్ స్విచ్ లెన్స్ పక్కన ఉంటుంది, దాన్ని 6 మీటర్ల నుంచి అనంతం వరకు అన్న చోట పెట్టాలి. పెట్టకపోతే తెల్లటి మబ్బు మీదికి పోయినప్పుడు ఫోకస్ దగ్గరి దూరాల దాకా వెళ్లి వెతుక్కుంటూ తిరిగొస్తుంది, ఈలోపు జెట్ వెళ్లిపోతుంది. విమానం రాకముందే దూరంగా ఉన్న చెట్టు మీదో హ్యాంగర్ మీదో ఒకసారి ఫోకస్ చేసి ఉంచుకుంటాను. కెమెరాలో గ్రూప్ ఏరియా (ఒక్కటి కాకుండా కొన్ని ఫోకస్ బిందువులు కలిసి పనిచేసే పద్ధతి) పెట్టి, షట్టర్ బటన్‌తో కాకుండా వెనక బటన్‌తో ఫోకస్ చేస్తాను. డి500 సెకనుకి 10 ఫ్రేములు తీస్తుంది కదా అని నొక్కి పట్టుకోవడం మొదట్లో నా అలవాటు. ఇంటికొచ్చి ఆరువేల ఫొటోల్లో మంచివి ఏరుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఇప్పుడు విమానం వీపు నా వైపుకి తిరిగే క్షణం కోసం ఆగి, అప్పుడే నాలుగైదు ఫ్రేములు తీస్తాను. కాక్‌పిట్ కనిపించేది ఆ క్షణంలోనే. పొట్ట మాత్రమే కనిపించే ఫొటోలు ఎన్నున్నా ఒకటే.

చేతి వణుకుని లెన్స్ తనే సరిచేసే వైబ్రేషన్ రిడక్షన్ (వీఆర్)లో నార్మల్, స్పోర్ట్ అని రెండు రకాలున్నాయి. నార్మల్‌లో పెట్టి ప్యానింగ్ చేస్తే, అంటే విమానం వెంట లెన్స్ తిప్పితే, ఫ్రేము ఫ్రేముకీ వ్యూఫైండర్‌లో బొమ్మ చిన్నగా ఎగురుతుంది, విమానం మధ్యలోంచి జారిపోతుంది. స్పోర్ట్‌లో ఆ ఎగురుడు లేదు. జెట్‌లకి నేను 1/1600 కంటే తక్కువ షట్టర్ స్పీడ్ వాడను, అక్కడ వీఆర్ ఆపేస్తాను కూడా. స్పోర్ట్ నిజంగా పనికొచ్చింది హెలికాప్టర్ల దగ్గర. వాయుసేన సారంగ్ బృందం ధ్రువ్ హెలికాప్టర్లని 1/1600తో తీస్తే రోటర్ రెక్కలు గాల్లో ఆగిపోయి, దారం కట్టి వేలాడదీసిన బొమ్మల్లా ఉంటాయి. రెక్కలు తిరుగుతున్నట్టు కనపడాలంటే 1/125కి దిగాలి. 500 దగ్గర 1/125 అంటే ఇరవై ఫొటోల్లో మూడో నాలుగో నిలుస్తాయి. నిలిచిన ఆ మూడింటిలో మాత్రం ప్రాణం ఉంటుంది. 2023లో యలహంకలో తీసిన ఒక ఫొటోలో నెమలి బొమ్మ వేసిన ధ్రువ్ ఒంటి మీద రివెట్లు లెక్కపెట్టుకోవచ్చు, పైన రోటర్ మాత్రం పలచటి పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. నా హాల్లో గోడకున్నది అదే. 2025లో ధ్రువ్‌లన్నీ నేలమీదే ఉండిపోవడంతో సారంగ్ ఎగరలేదు. అంతమంది ఎదురుచూసిన బృందం లేకపోవడం బాధనిపించింది.

2019 గురించి చెప్పకుండా ఉండలేను. షో మొదలవడానికి ముందురోజు, ఫిబ్రవరి 19న, రిహార్సల్‌లో రెండు సూర్యకిరణ్ విమానాలు ఢీకొని వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ మరణించారు. మరుసటిరోజు బారికేడ్ దగ్గర నిలబడిన మాకెవరికీ మాట పెగల్లేదు. అక్కడ ఫొటో తీసే ప్రతివాళ్లకీ గుర్తుండాల్సిన విషయం ఇది. మన వ్యూఫైండర్‌లో అందంగా కనిపించే ఆ ఐదు మీటర్ల ఎడం వెనక మనుషులున్నారు.

ఆ షోలోనే నాకు సొంతంగా ఇంకో దెబ్బ తగిలింది. ఎయిర్ షో అంటే దుమ్ము కదా అని, ముందు అద్దం కాపాడుకోవడానికి 95 ఎంఎం ఫిల్టర్ ఒకటి చవగ్గా వచ్చిందని కొని బిగించాను. ఆ షో ఫొటోలన్నీ మెత్తగా వచ్చాయి. ఎర్రటి హాక్ ఒంటి మీద తెల్ల గీతల అంచులు సబ్బు నురగ తగిలినట్టు చెదిరిపోయాయి. ఎండ సెగ అనుకున్నాను. ఉదయం ఎనిమిదిన్నరకి తీసినవీ అలాగే ఉన్నాయని ఇంటికొచ్చాక గమనించి, లెన్స్ పాడైందేమోనని టెన్షన్ పడి రిపేరుకి కూడా ఇచ్చాను. ఏమీ లేదని తిరిగిచ్చారు. చివరికి ఒక రాత్రి చంద్రుణ్ణి ఫిల్టర్‌తో ఒకసారి, తీసేసి ఒకసారి తీశాను. ఫిల్టర్ లేని ఫొటోలో గుంటల అంచులు గీసినట్టున్నాయి. పొడవాటి లెన్స్ ముందు నాసిరకం అద్దం ఎంత చెడుపు చేస్తుందో ఆ రెండు ఫొటోలు పక్కపక్కన చూస్తే తెలుస్తుంది. రెండేళ్లు ఎదురుచూసిన షో అలా పోయింది. అప్పటినుంచి ముందు హుడ్ (పక్క వెలుగు పడకుండా తొడిగే గొట్టం) తప్ప ఇంకేమీ పెట్టడం లేదు.

ఎండ సెగ మాత్రం నిజమైన శత్రువే, దాన్ని ఏ లెన్సూ జయించలేదు. యలహంకలో పది దాటితే రన్‌వే మీద గాలి అలలు లేస్తాయి. నేలమీద పరుగెత్తే విమానం 500 దగ్గర నీళ్లలోంచి చూసినట్టు వంకర్లు తిరుగుతుంది. టేకాఫ్ ఫొటోలు కావాలంటే పొద్దున్నే తీసుకోవాలి, తర్వాత ఆకాశంలో ఉన్నవాటినే నమ్ముకోవాలి. 2025లో ఎఫ్-35, సుఖోయ్-57 రెండూ ఒకే షోకి వచ్చినప్పుడు నేను చేసిందదే. సుఖోయ్-57 నిటారుగా లేచి తోక మీద నిలబడినట్టు ఆగినప్పుడు కింది గాలి అడ్డం లేదు, ఇంజన్ల నాజిల్ రేకులు విడివిడిగా వచ్చాయి. అప్పుడు పక్కన హిందూపురం నుంచి తండ్రితో వచ్చిన పదేళ్ల పిల్లాడు ‘అన్నా, ఒక్కసారి చూస్తానన్నా’ అంటే, బరువు నా చేతిలోనే ఉంచుకుని కన్ను పెట్టించాను. తర్వాతి మలుపు నేను తీయలేదు, వాడు చూశాడు.

వెలుగు ఎటునుంచి పడుతుందన్నది ఊరిని బట్టి మారుతుంది. విశాఖలో మనం సముద్రం వైపు, అంటే తూర్పు వైపు చూస్తూ నిలబడతాం. నేవీ విన్యాసాలు సాయంత్రం పూట కాబట్టి పొద్దు వీపు వెనక ఉంటుంది, విమానం ఒంటి మీద బంగారు వెలుగు పడుతుంది. ఉప్పుగాలి వల్ల దూరపువి కాస్త మసకగా వస్తాయి గానీ రంగులు మాత్రం అద్భుతం. ఇంటికి రాగానే లెన్స్ గొట్టాన్ని తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడవాలి. జూమ్ చేసినప్పుడు గొట్టం బయటికి సాగుతుంది కాబట్టి తుడవకపోతే ఉప్పు లోపలికి పోతుంది. ట్యాంక్‌బండ్ దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. హుస్సేన్‌సాగర్ పడమర వైపు, సాయంత్రం సూర్యుడు మొహం మీదే. ఆరోజు రంగుల కోసం పాకులాడకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి నల్లటి నీడల్లాగే తీశాను. పొగ అంచులు వెనక వెలుగుకి మెరిశాయి, కింద మూల బుద్ధుడి విగ్రహం నిలబడింది. ఎదురు వెలుతురులో ఈ లెన్స్ తెల్లగా వెలిసిపోతుందేమోనని భయపడ్డాను, అలా జరగలేదు. మామూలు తెల్లటి ఆకాశంలో అయితే లెక్క వేరు. కెమెరా చెప్పిన ఎక్స్‌పోజర్‌కి ముప్పావు స్టాప్ దాకా పెంచకపోతే విమానం బొగ్గుముక్కలా వస్తుంది.

బేగంపేటలో ఎక్కువగా నిలబెట్టిన విమానాలే, అక్కడ ఇంత పొడవు లెన్స్ అవసరం లేదు. అయినా 2024లో బోయింగ్ 777-9 రెక్క చివర మడత దగ్గర 500 పెట్టి చూశాను. మూడున్నర మీటర్ల రెక్క కొన పైకి లేచే ఆ కీలు, దాని అతుకు గీత, ఒక్కో స్క్రూ కనిపించాయి.

నాణ్యత మాటకొస్తే, అపర్చర్ (వెలుగు లోపలికొచ్చే రంధ్రం) 5.6 దగ్గర బాగుంటుంది, 7.1కి తెస్తే ఇంకా గట్టిపడుతుంది. ఎండ ఉన్నంతసేపు నేను 7.1లోనే ఉంటాను. ఎనిమిదేళ్లలో లోపల కొద్దిగా దుమ్ము చేరింది, ఫొటోల్లో తేడా లేదు.

ఈమధ్య ఒక మిత్రుడి కొత్త నికాన్ జెడ్ 180-600 లెన్స్ అరపూట వాడాను. గొట్టం సాగదు, జూమ్ చిన్న తిప్పుతో అయిపోతుంది, తేలిక కూడా. కొత్తగా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరాలతో మొదలుపెట్టేవాళ్లు నేరుగా దానికే వెళ్లడం మంచిది. నేను మారను. 300 అంటే రింగు ఎంత తిప్పాలో నా వేళ్లకి చూడకుండానే తెలుసు. సెకండ్ హ్యాండ్‌లో 200-500 తీసుకునేవాళ్లు మీ కెమెరాతో పనిచేస్తుందో లేదో ముందే చూసుకోండి. దీని అపర్చర్ విద్యుత్‌తో కదిలేది, డి90 లాంటి పాత కెమెరాల్లో దాన్ని మార్చడం కుదరదు. కొనే ముందు దుకాణం బయటికి తీసుకెళ్లి, జూమ్‌ని మొదటి నుంచి చివరిదాకా నాలుగుసార్లు తిప్పి ఎక్కడా గరగరమనడం లేదని చూసుకుని, ఎగిరే పావురం మీద ఓ ఇరవై ఫ్రేములు తీసి, అక్కడే కెమెరా తెర మీద పెద్దది చేసి చూడండి.