ఆటోనగర్ దగ్గర ఎమర్జెన్సీ వార్డు: చిన్న గాయాన్ని తేలిగ్గా తీసుకోలేదు

విజయవాడ ఆటోనగర్‌లో మా తమ్ముడు ఉలి మీద సుత్తితో కొడుతుంటే అంచు విరిగి ఇనప ముక్క తొడలో దిగింది. పైకి కందిగింజంత రంధ్రం, నెత్తురు కూడా పెద్దగా లేదు. డ్యూటీ డాక్టరు ముందు పాదం దగ్గర నాడి చూశారు, తర్వాత రెండు వైపుల నుంచీ ఎక్స్‌రే తీయించారు. ముక్క ఎముక పక్కదాకా వెళ్లింది!

బరువు రెట్టింపైతే శక్తి రెండింతలే, వేగం రెట్టింపైతే నాలుగింతలని, అందుకే చిన్న ముక్క కూడా అంత లోతుకు పోతుందని కాగితం మీద గీసి చెప్పారు. వేగంగా వచ్చే తూటా అయితే, దారి చుట్టూ ఉన్న కండ కూడా క్షణంపాటు సాగి దెబ్బతింటుందట. ఇనుము కాబట్టి, పెద్ద అయస్కాంతంతో పనిచేసే ఎంఆర్ఐ స్కాన్ జోలికి పోలేదు, టీటీ ఇచ్చి ముక్క తీసేశారు. అంత టెన్షన్‌లోనూ విసుక్కోకుండా చెప్పిన ఆ డాక్టరుగారికి దండం పెట్టాలి. బిల్లు కౌంటర్‌లో మాత్రం చాలాసేపు నిలబెట్టారు.