కనకాంబరం చీరలు అమ్ముడుపోని దసరా: వాట్సాప్ బిజినెస్‌తో నాలుగేళ్లు

చిన్న వ్యాపారుల కోసం చేసిన వాట్సాప్ బిజినెస్ యాప్‌ను ఎలా వేసుకోవాలో, దుకాణం పేరూ వేళలూ ఎక్కడ నింపాలో ఇక్కడ చెప్పను. అది పది నిమిషాల పని. విజయవాడలో ఇంటి నుంచే మంగళగిరి నూలు చీరలు అమ్ముతూ నాలుగేళ్లుగా దీన్ని వాడుతున్నాను. నాకు ముఖ్యంగా చెప్పాలనిపించేది బ్రాడ్‌కాస్ట్ లిస్టు గురించి, అంటే ఒకే సందేశాన్ని ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపే జాబితా. మొదటి ఏడాది దాని పేరెత్తితే ఒళ్లు మండేది.

ఇంటి మాటలూ బేరాలూ కలగాపులగం అవుతున్నాయని వ్యాపారానికి కొత్త సిమ్ తీసుకున్నాను. పాత డైరీలు, పెళ్లి పిలుపుల చిట్టా, అపార్ట్‌మెంట్ వాళ్ల నంబర్లు అన్నీ ఎక్కించాను. ఒక లిస్టులో 256 మందే పడతారు. ఆ లెక్క నిండేదాకా నేను ఊరుకోలేదు. దసరాకు పదిహేను రోజుల ముందు నలభై చీరలు ఫొటోలు తీసి అందరికీ ఒకేసారి పంపి, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రాత్రికి ముగ్గురు పలికారు. అందులో ఒకరు మా చెల్లెలు.

ఆ నలభైలో పదహారు కనకాంబరం రంగువి, పచ్చటి నిజాం అంచుతో. మాకు నేసే పెద్దాయన నా మాట మీదే ఆ రంగు వేశారు. పండుగ వెళ్లాక మంగళగిరి వెళ్లి, "బాబాయ్‌గారూ, ఈ రంగు ఎవరికీ నచ్చలేదండీ, ఇక వద్దు" అని చెప్పాను. ఆయన ఏమీ అనలేదు. మగ్గం మీద అదే రంగు చీర సగం నేసి ఉంది.

దీపావళి ముందు కింది అంతస్తు పిన్నిగారు మెట్ల దగ్గర ఆపి, "ఏమ్మా, దసరాకు చీరలు తేలేదా?" అన్నారు. పంపానన్నాను. రాలేదన్నారు. ఆవిడ ఫోను తీసుకుని చూస్తే నిజంగానే ఏమీ లేదు. నా కొత్త నంబరును ఆవిడ తన ఫోనులో దాచుకోలేదు. మన నంబరు దాచుకున్నవారికే బ్రాడ్‌కాస్ట్ సందేశం చేరుతుందని నాకు అప్పుడు తెలిసింది. ఇంటికి వచ్చి పాత సందేశం వివరాలు తెరిస్తే, చేరింది 31 మందికి. యాప్ సహాయం పేజీలో ఈ సంగతి రాసే ఉంది. చదవనిది నేను. 31 మందిలో ముగ్గురు పలికారంటే చీరలకు వంక పెట్టడానికేమీ లేదు కూడా.

ఇప్పుడు ఆ నియమమే నాకు ఇష్టం. ప్రతి పార్శిల్‌లో ఒక చీటీ పెడతాను: "కొత్త చీరలు చూడాలంటే ఈ నంబరు దాచుకోండి." స్వాగత సందేశంలోనూ అదే మాట. అది తొలిసారి పలకరించిన వారికీ, 14 రోజులు మౌనంగా ఉండి మళ్లీ పలకరించిన వారికీ తనంతట తానే వెళుతుంది. స్టేటస్ కూడా ఇద్దరి ఫోన్లలో ఇద్దరి నంబర్లూ ఉంటేనే కనిపిస్తుంది కాబట్టి, ఆ చీటీ రెండు పనులూ చేస్తోంది. నా లిస్టు ఇప్పటికీ 140 దాటలేదు. కానీ అందరూ కోరి చేరినవారే. పంపేటప్పుడు ఎవరి గుమ్మంలోకో చొరబడుతున్నట్టు ఉండదు.

యాప్‌లో వస్తువుల ఫొటోలు పెట్టి చూపించే కేటలాగ్‌ను మాత్రం ఒకప్పుడు తెలిసిన వాళ్లందరి దగ్గరా తెగ పొగిడాను. 500 వస్తువుల వరకు పెట్టవచ్చు, నిజమే. నావి చాలావరకు రంగుకు ఒకటీ రెండూ ఉండే చీరలు. అమ్ముడైనది తీయడం మరిచిపోతే మర్నాడు దానికే నలుగురు అడుగుతారు. ఇప్పుడు అందులో ఎప్పుడూ దొరికే డ్రెస్ మెటీరియల్ మాత్రమే ఉంచుతున్నాను.

నేను నెలకు అమ్మేది ముప్పై, నలభై చీరలు. ఇల్లు మా వారి జీతం మీద నడుస్తుంది. ఈ నిదానం నాకు చెల్లుతుంది. అద్దె కట్టి దుకాణం తెరిచినవారికి ముక్కూ ముఖం తెలియని కొనుగోలుదారులు కావాలి. వాళ్లను ఇది వెతికి తీసుకురాదు. అందుకు ఇన్‌స్టాగ్రామ్‌లో వీడియోలు చేయాలంటారు. కెమెరా చూస్తే నాకు మాట పెగలదు.

కిందటి నెల ఇద్దరు కనకాంబరం రంగు అడిగారు. బాబాయ్‌గారికి ఫోను చేశాను. "ఎవరికీ నచ్చలేదన్నారు కదమ్మా" అన్నారాయన. అసలు సంగతి చెప్పడానికి మొహం చెల్లక, ఇప్పుడు ఆ రంగు మళ్లీ వాడుకలోకి వచ్చిందన్నాను.